రాష్ట్రపతి ఎన్నికను క్లాసులో పెట్టించు

గుంటూరు, బ్రాడీపేట

చి. మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

తొమ్మిదో తరగతికి రాష్ట్రపతి ఎన్నిక ఎలా చెప్పాలని అడిగావు. చెప్పకు, చేయించు. ముందే నిర్వచనం బోర్డు మీద రాస్తే పిల్లలు ఆవలిస్తారు. రాష్ట్రపతిని ఎన్నుకునేది మనం గెలిపించిన ఎమ్మెల్యేలూ ఎంపీలే, అందులో మన బెజవాడ ఎమ్మెల్యే ఓటు విలువ 159 అని చెప్పి ఆగు. ఎందుకని వాళ్లే అడుగుతారు.

లెక్క వాళ్ల చేతే వేయించు. 1971 జనాభా లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ జనం సుమారు 2 కోట్ల 78 లక్షలు. దాన్ని 175 మంది ఎమ్మెల్యేలతో, మళ్లీ వెయ్యితో భాగిస్తే 159కి కాస్త తక్కువ వస్తుంది. తెలంగాణ ఎమ్మెల్యేకి 132, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. ఇంకా 1971 లెక్కలే ఎందుకంటే, కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాల బలం తగ్గకూడదని. మన దక్షిణాది పిల్లలకు ఈ మాట తప్పకుండా తెలియాలమ్మా.

తర్వాత ఎన్నిక పెట్టు. ఎ సెక్షన్‌లో 45 మంది, బి సెక్షన్‌లో 30 మంది అనుకో. ఒక్కో సెక్షన్ ముగ్గురు ఎమ్మెల్యేలను ఎన్నుకుంటుంది. ఎ ఎమ్మెల్యే ఓటుకు 15, బి ఎమ్మెల్యే ఓటుకు 10. మొత్తం 75. రెండు సెక్షన్లూ కలిసి ఐదుగురు ఎంపీలను ఎన్నుకుంటే, ఆ 75ని వాళ్లకు పంచు, తలా 15. అసలు ఎన్నికలోనూ ఇంతే, రాష్ట్రాలన్నిటి బలమూ పార్లమెంటు బలమూ దాదాపు సమానం. 2022లో ఎంపీ ఓటు విలువ 700. మీ క్లాసులో మొత్తం 150, గెలవాలంటే 76.

ఓటు వేసేవాళ్లు అభ్యర్థుల పేర్ల పక్కన తమ ఇష్టం వరుసలో 1, 2, 3 అని అంకెలు వేయాలి, అవే ప్రాధాన్యాలు. అభ్యర్థులు ముగ్గురికి తగ్గకూడదు. ఇద్దరే ఉంటే రెండో ప్రాధాన్యం ఎందుకో పిల్లలకు అర్థం కాదు. కృష్ణా-గుంటూరు టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికలో మనం 1, 2, 3 అని వేసేది ఈ పద్ధతిలోనే. మొదటి ప్రాధాన్యాలతో ఎవరూ 76కి చేరకపోతే, అందరికన్నా తక్కువ వచ్చినవాణ్ని తీసేసి, అతని బ్యాలెట్లను వాటి మీది రెండో అంకె ప్రకారం మిగతావాళ్లకు పంచమను, విలువ మారకుండా.

అప్పుడు 1969 కథ చెప్పు. వి.వి.గిరికి మొదట 4,01,515 వచ్చాయి, కావలసింది 4,18,169. ఆయన మీద పోటీ చేసిన మన నీలం సంజీవరెడ్డి ఓట్లలో వెనకబడి ఉన్నారు. ప్రాధాన్యాలు పంచగా గిరి 4,20,077తో గెలిచారు. అదే సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండా ఎన్నికయ్యారు. ఇంత మంచి పాఠం మన తెలుగువాళ్ల కథలోనే ఉండగా వేరే ఉదాహరణలు ఎందుకు?

మనం నేరుగా ఎందుకు వేయమని ఎవరో ఒకరు అడుగుతారు. దాటేయకు. నిజమైన పాలన ప్రధానిది, మంత్రివర్గానిది. దేశమంతా ఓట్లు వేసి గెలిపించిన రాష్ట్రపతి ఉంటే ఇద్దరి మధ్య అధికారం కోసం పోటీ వస్తుందని రాజ్యాంగ సభ ఈ దారి ఎంచుకుంది.

మన ఓట్లతో గెలిచిన ఎమ్మెల్సీకి మాత్రం ఇందులో ఓటు లేదు. ఎన్నిక లేకుండా నియమితులైన నామినేటెడ్ సభ్యులకూ లేదు. పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే, రెండుసార్లు చెప్పు. పార్టీలు ఫలానావాళ్లకే వేయాలని తమ సభ్యులకు ఆదేశం, అంటే విప్, జారీ చేయడానికీ వీల్లేదు, ఓటు రహస్యం. కాబట్టి చాటుగా ఒక బల్ల వేయి, పక్కవాడి బ్యాలెట్ చూడనివ్వకు.

ఉపరాష్ట్రపతి ఎన్నికను ఇదే పీరియడ్‌లో కలపకు. దానికి ఎంపీలే ఓటర్లు, నామినేటెడ్ వాళ్లతో సహా, అందరి ఓటుకూ విలువ ఒకటే. రెండూ కలిపితే గందరగోళం.

మీ పెద్దమ్మ