అల్లుడూ, ఆ టీ కార్డును జోకు చేయకు

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, వీడు శనివారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం మధ్యాహ్నం దాకా కొండాపూర్‌లో ఫ్రెండ్స్‌తో కూర్చుని బోర్డు మీద యుద్ధం ఆట ఆడతాడట, పడుకోకుండా" అంది. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ ఆటకు నువ్వు రాసిన రూల్స్ వాట్సాప్‌లో పంపింది. పద్దెనిమిది పేజీలూ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు ఎడారిలో ఇంగ్లిష్ వాళ్లు జర్మన్లతో పోరాడిన ఎల్ అలమెయిన్, 1942 అక్టోబర్ 23 రాత్రి. మన 4వ భారత డివిజన్‌ను మర్చిపోకుండా రువెయ్‌సాత్ దిబ్బ మీద పెట్టావు చూడు, అక్కడ కాసేపు ఆగిపోయానురా. యాప్రాల్‌లో మా మార్నింగ్ వాక్ బ్యాచ్ మొత్తానికి చూపించాను. మా మేనల్లుడు చేశాడని చెప్పాను, కొంచెం గట్టిగానే చెప్పాను.

పదకొండో పేజీ దగ్గరికి వచ్చాక మూడ్ పాడైంది.

బెంజెడ్రిన్ (ఆ రోజుల్లో నిద్ర రాకుండా వేసుకునే మాత్ర) కార్డు వేస్తే ట్యాంకులకు రెండు గళ్లు ఎక్స్‌ట్రా. టీ కార్డు పడితే బ్రిటిష్ ఆటగాడికి ఒక వంతు పోతుంది, పక్కన మగ్గు పట్టుకున్న సోల్జర్ కార్టూన్. దానికి తోడు మీలో ఒకడు నిద్ర రాకుండా మాత్రలు ఆర్డర్ చేశాడట. మీ అమ్మకు అది చిన్న విషయంలా అనిపించింది కాబట్టి చివర్లో చెప్పింది. నాకు అదొక్కటే వినబడింది.

నీళ్లు పెట్టుకోండి, బయటి బిర్యానీ రెండు పూటలా తినకండి, నడుము పట్టేయని కుర్చీలు చూసుకోండి. ఇవి నీకు తెలుసు.

మాత్రల సంగతి. నువ్వు చదివే ఉంటావు, అయినా చెబుతాను. జర్మన్లు 1940లో ఏప్రిల్ నుంచి జులై లోపు పెర్విటిన్ లాంటి మెథాంఫెటమిన్ (నిద్ర చంపే మత్తుమందు) మాత్రలు మూడున్నర కోట్లు సైన్యానికి పంపారు, ఒక్కోటి మూడు మిల్లీగ్రాములు. దాని మహిమ అంత గొప్పదే అయితే మరుసటి ఏడాదే దాన్ని మత్తుమందుల చట్టం కిందికి ఎందుకు తెచ్చినట్టు? మాత్ర తిన్నవాడు రెండు రోజులు పరిగెత్తాడు, మూడో రోజు ఎందుకూ పనికిరాలేదు. అలమెయిన్‌కు ముందు ఇంగ్లిష్ వాళ్లు కూడా ట్యాంకు సిబ్బందికి బెంజెడ్రిన్ ఇచ్చారు, నీ కార్డు అక్కడిదే. అదంతా పాత కథ అంటావేమో. 2002 ఏప్రిల్‌లో కాందహార్ దగ్గర అమెరికన్ ఎఫ్-16 యుద్ధవిమానం ఒకటి కింద శిక్షణలో ఉన్న కెనడా సైనికుల మీదే బాంబు వేసింది, నలుగురు పోయారు. పైలట్లు నిద్ర రాకుండా వాళ్ల సైన్యం ఇచ్చే 'గో పిల్స్' వేసుకుని ఉన్నారు. తప్పు మాత్రదేనని వాళ్ల లాయర్లు, కాదని వైమానిక దళం కొట్లాడుకున్నారు. నాకు మాత్రం ఆ వార్త చదివిన రోజు అన్నం దిగలేదు.

ఎందుకో చెబుతాను. ఇది మీ అత్తయ్యకు కూడా చెప్పలేదు.

అప్పుడు నేను హవల్దార్‌ని. రాజస్థాన్ ఎడారిలో విన్యాసాలు, మూడో రాత్రి. గన్ను లాగే లారీల కాన్వాయ్, హెడ్‌లైట్లు బంద్. ముందు బండి వెనక ఇరుసు మీద తెల్లరంగు పూసి ఉంటుంది, దాని మీద పడేలా చిన్న బల్బు. డ్రైవర్ రాత్రంతా ఆ తెల్ల చుక్కనే చూస్తూ నడపాలి. మా డ్రైవర్ శ్రీకాకుళం వైపు కుర్రాడు, నాకంటే నాలుగేళ్లు చిన్న. నేను సాయంత్రమే టౌన్‌లో మందుల షాపులో కొన్న మాత్ర ఒకటి మింగి ఉన్నాను. ఆ గన్నును నేనొక్కడినే లాగేయగలను అన్నంత హుషారు. రాత్రి రెండింటికి చాయ్ హాల్ట్ వచ్చింది. బర్నర్ బుస్సుమంటోంది, పాలపొడి వేసి చక్కెర దంచికొట్టిన టీ వాసన. కుర్రాడు బండి స్లో చేసి, "ఉస్తాద్, ఒక్క గ్లాసు తాగి పోదామా" అన్నాడు. మిగతా వాళ్లకంటే ముందు చేరాలని నాకు పిచ్చి. "చాయ్ లేదు గీయ్ లేదు, పద" అన్నాను. వాడు సరే అన్నాడు. మళ్లీ అడగలేదు.

ముప్పావు గంట తర్వాత దారి ఎడమకు తిరిగింది, మా బండి తిరగలేదు. ఇసుక గట్టు మీద నుంచి జారి పక్కకు పడింది. నాకు గీత కూడా పడలేదు. వాడి కుడి చెయ్యి డోరు కింద పడింది, మూడు వేళ్లు పోయాయి. ఎంక్వయిరీలో డ్రైవర్ నిద్రపోయాడని రాశారు, నేను సంతకం పెట్టాను. నిజమే కదా, నిద్రపోయాడు. నా జేబులో మిగిలిన మాత్రల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నా కళ్లు విప్పారి ఉన్నాయి కాబట్టి వాడివీ అలాగే ఉన్నాయనుకున్నానురా. రాత్రంతా పక్కనే కూర్చుని ఒక్కసారి వాడి మొహం వైపు చూడలేదు. ఆ హాల్ట్‌లో దిగి ఉంటే బర్నర్ వెలుగులో ఎవడో ఒకడు చూసేవాడు, "వీడి పని అయిపోయింది, ఇంకొకడిని ఎక్కించు" అనేవాడు. హాల్ట్ పెట్టేదే అందుకు. టీలో ఉండే నలభై యాభై మిల్లీగ్రాముల కెఫీన్‌తో ఏమవుతుంది?

అందుకని నీ రూల్ మార్చు. ప్రతి దళం అలసట అంకె అంపైర్ దగ్గర రహస్యంగా ఉండాలి, కమాండర్‌కు కనబడకూడదు. మాత్ర కార్డు వేస్తే రెండు గళ్లు ఇవ్వు, పర్లేదు, కానీ అంకె అంపైర్ కాగితంలో రెట్టింపు అవ్వాలి. టీ కార్డు వేసినప్పుడు మాత్రమే ఆటగాడు తన అంకె చూసుకోవచ్చు. అది ఊరికే రాకూడదు. ఆ వంతులో సిబ్బంది కిందికి దిగి ఉంటారు, దాడి జరిగితే దెబ్బ ఎక్కువ. 1944 జూన్ 13న ఫ్రాన్స్‌లోని విలర్స్-బొకాజ్‌లో అదేగా జరిగింది. బ్రిటిష్ కాన్వాయ్ ఆగింది, మనుషులు దిగారు, పావుగంటలో జర్మన్ టైగర్ ట్యాంకు పదికి పైగా ట్యాంకుల్ని కాల్చేసింది. ఆ తర్వాత వాళ్లు టీ మానేశారా? 1945లో వచ్చిన వాళ్ల సెంచూరియన్ ట్యాంకులో నీళ్లు కాచే పాత్రను లోపలే బిగించారు. ఇప్పుడు నీ కార్టూన్ తీసేస్తావో ఉంచుతావో నీ ఇష్టం. ఎడారి కాబట్టి కట్ చేసిన పెట్రోల్ డబ్బాలో ఇసుక, పెట్రోల్ పోసి టీ కాచే బొమ్మ అయితే బాగుంటుంది.

ఆ మాత్రలు తెచ్చేవాడికి నా నంబర్ ఇవ్వు, నేను మాట్లాడతాను. తిట్టను.

వంతులవారీగా పడుకోండి, ఇద్దరు ఆడుతుంటే ఇద్దరు నిద్ర. ఆదివారం ఎవడూ బండి తీయకూడదు. ఇరవై నాలుగు గంటలు మేలుకున్న మనిషి చెయ్యీ కన్నూ రక్తంలో 0.10 శాతం ఆల్కహాల్ ఉన్నవాడిలా పనిచేస్తాయని పరీక్ష చేసి చెప్పారు. మన డ్రంక్ అండ్ డ్రైవ్ వాళ్లు పట్టుకునేది 0.03 దాటితేనే. నువ్వు మందు తాగవని మీ అమ్మ గర్వంగా చెబుతుంది, ఇది ఆవిడకు తెలియదు.

తెల్లవారుజామున నాలుగింటికి నేనే వస్తాను, క్యాబ్‌లో. ఫ్లాస్కు, ఉస్మానియా బిస్కెట్లు తెస్తాను. ఆటలో వేలు పెట్టను, మీ నలుగురినీ ఒకసారి లైటు కింద నిలబెట్టి చూసి సోఫాలో కూర్చుంటాను. మా పాత కిరోసిన్ స్టవ్ ఇంకా పనిచేస్తోంది, మీ బాల్కనీలో వెలిగిస్తే వాచ్‌మన్ ఏమైనా అంటాడేమో కనుక్కో.

మీ మామయ్య