బస్సు టికెట్టు పెట్టిన పేజీ

చిరంజీవి చిట్టికి, పెద్దమ్మ ఆశీస్సులు.

పుస్తకాల మీద నువ్వు రాసి పంపిన మూడు వ్యాసాలూ చదివాను. మొన్న ఫోన్లో "ఎలా ఉన్నాయి పెద్దమ్మా?" అని అడిగితే "బాగున్నాయమ్మా" అనేసి మీ అమ్మ మోకాళ్ళ నొప్పుల సంగతిలోకి దిగిపోయాను. ఆ రాత్రి మనసు పీకుతూనే ఉంది. ఎవరైనా పుస్తకం తిరిగిచ్చి "బాగుందండీ" అని వెళ్ళిపోతే నాకెంత వెలితిగా ఉండేదో నాకే తెలుసు. అదే మాట నీకు నేనన్నాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నీకు వాక్యం కుదురుతుంది తల్లీ, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇక కుదరని వాటి గురించి.

31 ఏళ్ళు శాఖా గ్రంథాలయంలో కౌంటరు వెనక కూర్చున్నాను. పుస్తకం తీసుకెళ్ళేటప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడరు. తిరిగి తెచ్చినప్పుడే నోరు విప్పుతారు. మా దగ్గరికి ఆర్టీసీ కండక్టరు ఒకాయన వచ్చేవారు. వారానికి రెండు పుస్తకాలు. ఆయన తిరిగిచ్చిన ప్రతి పుస్తకంలోనూ మూడో నాలుగో చిరిగిన టికెట్టు ముక్కలు ఉండేవి. గుర్తుకోసం పెట్టుకుని తీయడం మర్చిపోయారనుకుని, దులిపి చెత్తబుట్టలో వేసేదాన్ని. ఓ రోజు నేను దులపడం చూసి, "అయ్యో, అవి చూడకుండానే పారేస్తారా అమ్మా?" అన్నారు. "బస్సు కదలాలి, డ్రైవరు హారన్ కొడుతున్నాడు, అయినా నేను ఇంకో పేజీ తిప్పాను చూడండి, అక్కడ పెడతాను."

ఆ రోజు నుంచి ఆయన పుస్తకం రాగానే ముందు ఆ పేజీలు తెరిచేదాన్ని. అట్ట వెనక పొగిడిన ఘట్టాలు వాటిలో ఒక్కటీ ఉండేది కాదు. ఒక నవలలో ఆయన టికెట్టు పెట్టింది ఎక్కడో తెలుసా? ఇంటి పెద్దకూతురు మేనమామ దగ్గరికి అప్పు అడగడానికి వెళ్తుంది. ఆయన మంచినీళ్ళిస్తాడు. తాగుతుంది. అడగకుండానే వచ్చేస్తుంది. అంతే ఆ పేజీలో ఉన్నది. అంతకు ముందు నేనూ ఆ నవల చదివాను కానీ ఆ పేజీ నాకు గుర్తే లేదు. ఆయన పెట్టిన ఆ అరంగుళం కాగితం వల్ల నవల నాకు మళ్ళీ కొత్తగా తెరుచుకుంది.

నీ మూడు వ్యాసాల్లోనూ నేను ఆ ముక్క కోసమే వెతికాను. కథ మొత్తం ఉంది, రచయిత పుట్టిన ఊరుంది, "ఆద్యంతం ఆసక్తికరం" ఉంది, "హృద్యంగా మలిచారు" ఉంది, "ప్రతి ఒక్కరూ చదవాల్సిన పుస్తకం" అని మూడింట్లోనూ ఉంది. నువ్వు మాత్రం ఎక్కడా లేవు. ఏ పేజీ దగ్గర అన్నం చల్లారిపోయింది? ఎక్కడ విసుగొచ్చి ఫోన్ తీశావు? ఎక్కడ వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకున్నావు? పాఠకుడి స్పందన అంటే ఇదే. విమర్శకులు చేసే పని వేరు, దానికి వేరే చదువు కావాలి. నువ్వు చదివేటప్పుడు నీకేమైందన్నది మాత్రం నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేరు.

పని ఇలా చెయ్యి. పుస్తకంలో ఓ తెల్లకాగితం పెట్టుకో. ఎక్కడ కదిలితే అక్కడ పేజీ నంబరు, పక్కన రెండు మాటలు. చదువుతూ చదువుతూనే రాసుకో, పూర్తయ్యాక గుర్తు తెచ్చుకుని రాద్దామంటే కుదరదు. చివరి పేజీ ప్రభావం ముందున్నవన్నీ తుడిచేస్తుంది. వ్యాసం మాత్రం వెంటనే రాయకు, ఓ వారం ఆగు. వారం తరవాత కాగితం తీసి చూస్తే సగం గుర్తులు నీకే అర్థం కావు. మిగిలిన సగం దగ్గర మళ్ళీ అదే గుబులో, అదే సంతోషమో కలుగుతుంది. రాయాల్సింది అవే. కథ చెప్పడానికి ఒక పేరా చాలు, అదీ మొదటి మూడోవంతు కథ దాటకుండా.

ఇప్పుడు ఆ ప్రేమ నవల సంగతి. "ముగింపు మొదటి పది పేజీల్లోనే తెలిసిపోయింది" అని తప్పుపట్టావు. ప్రేమ నవల చదివేవాళ్ళకి ముగింపు తెలియాలి చిట్టీ, తెలిసే చదువుతారు. అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘం వాళ్ళ నిర్వచనంలో ఉన్నవి రెండే ముక్కలు: కథకి నడుమ ప్రేమ ఉండాలి, ముగింపు మనసు నింపి ఆశ కలిగించాలి. అది ఆ నవల పాఠకులకిచ్చిన మాట. ఇచ్చిన మాట నిలబెట్టుకుందని తప్పుపడతామా? మా గ్రంథాలయంలో యద్దనపూడి సులోచనారాణి గారి నవలలు మూడేసి సార్లు బైండింగుకి వెళ్ళాయి. తీసుకెళ్ళినవాళ్ళలో చాలామంది అంతకు ముందే రెండుసార్లు చదివినవాళ్ళు. వాళ్ళకి ముగింపు తెలియకనా?

నువ్వు చూడాల్సింది ఆ ఇద్దరినీ విడదీసిన కారణం. అది నిజమైన అడ్డంకా, లేక ఒక్క ఫోన్ చేసి అడిగితే తీరిపోయే అపార్థమా? రెండోదే అయి, దాన్ని 200 పేజీలు లాగితే, అప్పుడు విసుక్కో, ఎన్నో పేజీలో విసుగొచ్చిందో కూడా చెప్పు. ఆ అమ్మాయికి ప్రేమ కాక ఇంకో బతుకుందా, ఆఫీసులో నిజంగా పని చేస్తోందా, లేక కుర్చీలో కూర్చుని అతని అడుగుల చప్పుడే వింటోందా? ఆ అమ్మాయి వద్దన్నా అతను వెంటపడుతుంటే దాన్ని నవల ప్రేమ అంటోందా? నా వయసువాళ్ళం అలాంటివి చదివి మురిసిపోయాం. ఇప్పుడు నీకు ఎలా అనిపించిందో రాయి, మొహమాటపడకు. అది రాస్తే నాకూ కొత్త సంగతి తెలుస్తుంది.

సైన్సు ఫిక్షన్ వ్యాసం చూశాక ఆ ఇంగ్లీషు పుస్తకం తెప్పించుకున్నాను. "ది మార్షియన్" చదవడానికి నిఘంటువు పక్కన పెట్టుకున్నా నాకు 16 రోజులు పట్టింది. కుజుడి మీద ఒంటరిగా మిగిలిపోయినవాడు బంగాళాదుంపలు పండించుకోవడం చదువుతుంటే మా నాన్న నారుమడి దగ్గర నిలబడి నీళ్ళకోసం చూడడం గుర్తొచ్చింది. నువ్వేమో, మొదట్లో వచ్చే దుమ్ము తుఫాను అసాధ్యం కాబట్టి పుస్తకమే తప్పన్నావు. తుఫాను గురించి నువ్వన్నది నిజమే. కుజుడి మీద గాలి పీడనం మన భూమ్మీద ఉన్నదాంట్లో నూటికి ఒక వంతు కూడా ఉండదు, అక్కడి గాలికి అంత బలం రాదు. అయితే ఆ సంగతి రాసినాయనకీ తెలుసు, ఆయనే ఒప్పుకున్నాడు కూడా. మనిషి అక్కడ ఒంటరి కావడానికి ఆ ఒక్క వెసులుబాటు తీసుకుని, తరవాత ప్రతి నీటి చుక్కకీ లెక్క చెప్పాడు. సైన్సు కథని చదివేటప్పుడు, కథ తను పెట్టుకున్న నియమానికి తను కట్టుబడి ఉందా అన్నది పట్టుకో. మొదట ఒక అబద్ధాన్ని ఒప్పుకోమని అడగడం వేరు, ఇరుక్కున్నప్పుడల్లా ఇంకో అబద్ధం చెప్పి బయటపడడం వేరు.

ఆ పుస్తకం పుట్టుకలోనే నీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆండీ వియర్ దాన్ని మొదట తన వెబ్‌సైటులో ఒక్కో అధ్యాయం ఉచితంగా పెట్టాడు. రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం తెలిసిన పాఠకులు ఇక్కడ ఈ లెక్క తప్పు, అక్కడ ఆ చర్య అలా జరగదు అని రాస్తే, తీసుకుని దిద్దుకున్నాడు. 2011లో సొంతంగా ఈ-బుక్ వేశాడు, 2014లో పెద్ద ప్రచురణ సంస్థ అచ్చువేసింది. చూడు, పాఠకులు రాసిన మాటలు ఆ పుస్తకంలో కలిసిపోయాయి. కుజుడి మట్టిలో ఒంటికి హాని చేసే పెర్‌క్లోరేట్ లవణాలున్నాయని 2008లో నాసా వాళ్ళ ఫీనిక్స్ నౌక కనిపెట్టింది, మరి ఆ దుంపలు తింటే ఏమవుతుందన్న ప్రశ్న నువ్వు వేసి ఉంటే నీ వ్యాసం ఎంత బాగుండేది! కెమిస్ట్రీ చదివినదానివి. నీకు తెలిసినదాన్ని పుస్తకం దగ్గరికి తీసుకెళ్ళడానికి సిగ్గుపడకు.

మూడోది కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ఆత్మకథ "నిర్జన వారధి". దీని గురించే ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే నువ్వు దీన్నే ఎక్కువ ప్రేమించావు, దీని గురించే తక్కువ రాశావు. "ఇన్ని కష్టాలు పడిన కోటేశ్వరమ్మ గారికి జోహార్లు" అని మొదలుపెట్టి జోహార్లతోనే ముగించావు. ఆవిడ జీవితానికి మనం మార్కులు వెయ్యక్కర్లేదమ్మా. బాల్యంలోనే పెళ్ళి, బాల్యంలోనే వైధవ్యం, మళ్ళీ పెళ్ళి, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం, భర్త వదిలి వెళ్ళడం, బిడ్డల్ని పోగొట్టుకోవడం, ఇవన్నీ ఆవిడకి జరిగాయి. అవి ఆవిడవి. మన ముందున్నది ఆవిడ తొంభై దాటాక వాటిని చెప్పిన తీరు. 2012లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు, ముందు ఆ పేరు దగ్గర ఆగావా? వారధి మనుషులు దాటడానికి కడతారు. ఆవిడ దానికి నిర్జనం అని పేరు పెట్టుకున్నారు. అట్ట మీదే ఆ రెండు మాటలు ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి. నేను పుస్తకం తెరవకుండా అక్కడే కాసేపు ఉండిపోయాను.

ఆవిడ ఆ ఉద్యమ కళాబృందం ప్రజానాట్యమండలిలో పాడిన మనిషి. వేలమంది ముందు గొంతెత్తిన మనిషి తన సొంత దుఃఖం దగ్గరికి వచ్చేసరికి గొంతు ఎంత తగ్గించారో చూడు. ఆత్మకథ చదివేటప్పుడు నేను చూసేది అదే. దేనికి పది పేజీలిచ్చారు, దేన్ని ఒక్క వాక్యంలో దాటేశారు? ఎవరిని పేరుతో పిలిచారు, ఎవరి పేరు చెప్పడం మానేశారు? కోపం రావాల్సిన చోట రాకపోతే, అది దాచుకోవడమా, తీరిపోవడమా? వీటికి జవాబులు నీకు తెలియక్కర్లేదు. అడిగిన ప్రశ్నని పేజీతో సహా రాస్తే చాలు. ఆ జీవితంలో ఉన్న మిగతావాళ్ళకీ వాళ్ళ కథ ఉంటుంది, వాళ్ళిప్పుడు జవాబు చెప్పుకోలేరు. అందుకని ఎవరి మీదా తీర్పు రాయకు. ఆత్మకథల విషయంలో మాత్రం నేను ఈ పట్టు వదలను.

ఇంకొన్ని చిన్న సంగతులు. అనువాదం చదివితే అనువాదకుల పేరు తప్పకుండా రాయి. నువ్వు మెచ్చుకున్న తెలుగు వాక్యం వాళ్ళది. పుస్తకం నుంచి మాటలు ఎత్తి రాస్తే అక్షరం పొల్లుపోకుండా రాయి. సగంలో ఆపేస్తే, ఎన్నో పేజీలో ఆపావో చెప్పు. రచయిత ఊరికే పంపిన కాపీ అయితే ఆ మాటా చెప్పు.

నచ్చని పుస్తకం గురించి రాయడానికి చెయ్యి రావడం లేదన్నావు. నాకూ వచ్చేది కాదు. మన దగ్గర చాలామంది సొంత డబ్బు పెట్టి 500 కాపీలు వేసుకుంటారు, ఇంటికొచ్చి సంతకం చేసి చేతిలో పెట్టి "రెండు మాటలు రాయండమ్మా" అంటారు. ఎలా కాదంటాం? ఒకసారి తెలిసినవాళ్ళ పుస్తకం ఆవిష్కరణ సభలో మాట్లాడమన్నారు. సగమే చదివి వెళ్ళాను. శాలువా కప్పారు, మనసు మెత్తబడింది, ఇంత మంచి పుస్తకం ఈ మధ్య రాలేదన్నాను. పది రోజుల తరవాత మా గ్రంథాలయానికి వచ్చే కుట్టుపనావిడ ఆ పుస్తకం పట్టుకుని వచ్చింది. గ్రంథాలయం కాపీ కాదు, కొనుక్కున్నది. "మీరు చెప్పారని కొన్నానమ్మా, మీరు చూసింది నాకెందుకో కనబడలేదు" అంది. తప్పు తనదే అన్నట్టు అడిగింది. ఏ పేజీ చూపించను? చూపించడానికి నా దగ్గర లేదు. ఆవిడ ఆ డబ్బు ఎన్ని జాకెట్లు కుడితే వస్తుందో లెక్కపెట్టుకున్నాను. ఆ తరవాత పూర్తిగా చదవని పుస్తకం గురించి నేను నోరు విప్పలేదు.

కఠినంగా ఉండమని దీని అర్థం కాదు. గ్రంథాలయాల కోసం రంగనాథన్ గారు 1931లో రాసిన అయిదు సూత్రాల్లో రెండు మాకు ట్రైనింగులో కంఠతా పట్టించారు: ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు. నీకు నచ్చని పుస్తకాన్ని కూడా ఈ రెండింట్లో చివరి సూత్రం పెట్టుకుని చూడు. ఇది ఎవరి పుస్తకం? నాకు విసుగనిపించిన ఆ నిదానమే ఎవరికైనా కావాల్సి ఉంటుందా? "నాకు ఇక్కడ అడ్డం పడింది, ఇందుకు పడింది" అని పేజీ చూపిస్తే, అది చదివి ఒకరు మానేస్తారు, ఇంకొకరు అందుకోసమే కొంటారు. రచయితకీ తనెక్కడ జారాడో తెలుస్తుంది. మనిషి గురించి ఒక్క మాటా అనక్కర్లేదు.

"నిర్జన వారధి" మీద మళ్ళీ రాయి. వెనక్కి వెళ్ళి, నువ్వు పుస్తకం మూసి కిటికీలోంచి బయటికి చూసిన పేజీ ఏదో వెతుక్కో, అక్కణ్ణుంచి మొదలుపెట్టు. సంక్రాంతికి వచ్చే మీ అమ్మ చేతికి నా కాపీ ఇచ్చి పంపుతున్నాను. అందులో పెన్సిల్ గీతలు నావి, చెరపకు. కానీ నీది రాయడం అయ్యేదాకా తెరవకు కూడా. రాశాక రెండూ పక్కపక్కన పెట్టి చూసి, మనిద్దరం ఒకే చోట ఆగామో లేదో నాకు ఫోన్ చేసి చెప్పు. పొద్దున్న ఆరు దాటాక ఎప్పుడైనా చెయ్యొచ్చు, లేచే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ