అల్లుడూ, ఇంజనుకి అడ్వాన్సు ఇచ్చే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, వాడు తాళ్ళరేవులో పడవ కట్టిస్తున్నాడటగా, నీకు చెప్పాడా?" అంది. నాకెందుకు చెబుతావులే! నలభై ఏళ్ళు పడవ ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని, ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంటున్నావు. సరే. హైదరాబాద్ ఉద్యోగంలో పడ్డాక మన ఇంట్లో చెక్క వాసన నీతోనే ఆగిపోయిందనుకున్నాను. ఆగలేదని తెలిసి రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్.

నీ పడవ 18 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పట. దానికి 150 హెచ్‌పీ ఇంజనా? ఆ సైజు ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (పడవ వెనక చెక్కకి బయట బిగించే ఇంజను) 200 కిలోలకి తగ్గదు. ముగ్గురు మనుషుల్ని పడవ వెనక చెక్కకి వేలాడదీసినట్టే. సన్నగా, తేలిగ్గా కట్టిన పడవకి అంత అక్కర్లేదు. 40 హెచ్‌పీకి దిగు. అదైతే 100 కిలోల చుట్టూ ఉంటుంది.

చిన్న విషయాలు ముందే చెప్పేస్తాను. వెనక చెక్కకి బోల్టు కన్నం వేసిన ప్రతిచోటా లోపల ఎపాక్సీ జిగురు పట్టించు, లేకపోతే రెండు వానాకాలాల్లో చెక్క పుచ్చుతుంది. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డరేకు పడవ అడుగుకి సమంగా రావాలి. ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం కంపెనీ చెప్పిన హద్దుల్లో ఉందో లేదో చూసుకో. ఎక్కువైతే ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకి అది ముందుకి తోసే దూరం) పెంచు, తక్కువైతే తగ్గించు. ఒక అంగుళం పిచ్ మారితే 150 నుంచి 200 ఆర్‌పీఎం తేడా వస్తుంది.

ఇన్‌బోర్డ్ ఇంజను పడవ లోపల పెట్టి, ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్టు కింద నుంచి వేద్దామని మేస్త్రీ అన్నాడట. చూడ్డానికి అందంగా ఉంటుంది, నిజమే. కానీ చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది. గట్టు మీద ఇంజనునీ షాఫ్టునీ ఎంత బాగా ఒకే గీతలో అలైన్ చేసినా నీళ్ళలో దిగాక ఆ లెక్క ఉండదు. కొన్ని రోజులు పడవని నీళ్ళలో నాననిచ్చి, అప్పుడు ఇంజనునీ షాఫ్టునీ కలిపే కప్లింగు మళ్ళీ చూసుకోవాలి. కప్లింగు వ్యాసం నాలుగంగుళాలైతే రెండు ముఖాల మధ్య తేడా నాలుగు థౌ (అంగుళంలో వెయ్యోవంతు ఒక థౌ) దాటకూడదు. ఈ ఓపిక నీకుందా? నాకే ఉండేది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్న ఎడమ పిక్క మీద మచ్చ ఉంది కదా. పడవ ఇసుక మేటకి తగిలి పడ్డాడని నీకు చిన్నప్పటి నుంచీ చెబుతున్నాం. ఆ రోజు అక్కడ ఇసుక మేట లేదు. నేనున్నాను.

అప్పటికి మీ అమ్మానాన్నల పెళ్ళయి ఏడాది కాలేదు. నాకు పాత జీపు డీజిల్ ఇంజను తుక్కు ధరకి దొరికింది. నీ పడవంత సన్నని పడవలోనే దాన్ని పెట్టాను. షాఫ్టు ఏటవాలుగా కిందికి దిగాలి కాబట్టి ఇంజను అడుగు నుంచి మూరెడు ఎత్తున కూర్చుంది. బరువంతా పైన. దానికి తోడు ప్రొపెల్లర్ వెనక నుంచి చూస్తే కుడికి తిరిగేది. అది నీళ్ళని కుడికి తిప్పుతుంటే, ఆ ఎదురుదెబ్బకి పడవ ఎడమకి ఒరుగుతుంది. వెడల్పు పడవలో ఈ ఒరుగు తెలియను కూడా తెలియదు. సన్న పడవలో నడుముకి తెలుస్తుంది.

"బావా, ఎడమకి లాగుతోంది" అన్నాడు మీ నాన్న. "నువ్వు బరువున్నావు, కుడికి జరుగు" అన్నాను. కొత్త పెళ్ళికొడుకుని ఏడిపించడం సరదా. కోరింగ దగ్గర ఏరు వెడల్పయ్యే చోట ఫుల్ థ్రాటిల్‌లో ఎడమకి తిప్పాను. తిప్పడంలో వచ్చే వంపు, ఇంజను తెచ్చిన ఒరుగు, రెండూ ఒకే వైపు కలిశాయి. ఇద్దరం నీళ్ళలో పడ్డాం.

పడవ బోర్లా పడలేదు, అదే కొంప ముంచింది. ఇంజను ఆగలేదు. చుక్కాని ఎడమకే ఉండిపోయింది. ఖాళీ పడవ గుండ్రంగా తిరిగి మా మీదికే వచ్చింది. పెట్రోలు ఇంజనైతే కరెంటు తెగితే చాలు, ఆగిపోతుంది. డీజిల్‌కి లోపలికి వెళ్ళే ఇంధనాన్నే ఆపాలి. ఆపే తీగని స్టీరింగు పక్కనే, చేతికి అందేలా నేనే కట్టాను. మనిషే లేని పడవలో అది ఎవరి చేతికి అందాలి? మొదటిసారి తప్పుకున్నాం. రెండోసారీ తప్పుకున్నాం. మూడోసారి మీ నాన్న మునిగాడు కానీ కాలు ఒక్క క్షణం ఆలస్యమయింది. ఆ తర్వాత పడవ మడచెట్ల బురదలోకి దూరి ఇరుక్కుంది. అప్పటికీ ఇంజను కొట్టుకుంటూనే ఉంది. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

కాకినాడ ఆసుపత్రికి వెళ్ళే దారిలో, నా లుంగీ కాలికి కట్టుకుని, మీ నాన్నే అన్నాడు: "ఇసుక మేట అని చెప్పు బావా. లేకపోతే మీ చెల్లి నిన్ను గడప తొక్కనివ్వదు." ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు.

అప్పట్నుంచి తిరిగే రెక్కంటే నాకు దడ. అందుకే రాత్రి నీ కోసం మొదట ఆలోచించింది జెట్ గురించే. అది నీళ్ళని పీల్చి వెనక్కి చిమ్మి పడవని తోస్తుంది, బయట రెక్క ఉండదు. కానీ మన గోదావరి పాయల్లో వరదలప్పుడు గుర్రపుడెక్క దాని నోరు మూసేస్తుంది, మిగతా రోజుల్లో ఇసుక లోపల అరగదీస్తుంది. పైగా భయపడి థ్రాటిల్ వదిలేస్తే స్టీరింగు కూడా పోతుంది. భయపడ్డవాడు మొదట చేసేది అదే కదా. నా భయం కోసం నీకు తప్పుడు సలహా ఇవ్వలేను.

కాబట్టి పెట్రోలు అవుట్‌బోర్డే పెట్టు, 40 చాలు. మొదటి పది గంటలు కొత్త ఇంజనుని కంపెనీ పుస్తకంలో చెప్పినట్టే నడుపు. స్నానాల రేవుల దగ్గర పడవని నడకలా పోనివ్వు. కిల్ స్విచ్ తాడు ఒక కొస నీకు, ఒక కొస స్విచ్చికి. నువ్వు నీళ్ళలో పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. ఈత బాగా వచ్చు మామయ్యా అని నాకు చెప్పకు. మీ నాన్నకీ బాగానే వచ్చు.

ఆ తాళ్ళు రెండు నేనే కొని పంపుతాను, ఒకటి పోతే ఇంకొకటి ఉండాలి. ఇంజను ఏ కంపెనీదో తేలగానే ఫోన్ చెయ్యి. క్లిప్పు ఒక్కో దానికి ఒక్కోలా ఉంటుంది.

మీ మామయ్య