కండోలెన్స్, కన్సొలేషన్ ఒకటేనా?

ప్రశ్న: మా కార్యాలయంలో ఒక సహోద్యోగిని తండ్రిగారు గత నెలలో కాలం చేశారు. ఆమెకు పంపిన ఈమెయిల్‌లో "నా కన్సొలేషన్స్ స్వీకరించండి" అని ఇంగ్లీషులో రాశాను. అక్కడ "కండోలెన్సెస్" అని ఉండాలని మరొకరు దిద్దారు. రెండూ ఓదార్పే కదా, తేడా ఏమిటి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దిద్దినవారి మాటే సరైనది. రెండు మాటలూ లాటిన్ నుంచి వచ్చినవే అయినా వాటి ధాతువులు వేరు. ‘కండోల్’లోని ధాతువుకు నొప్పి పడటం, దుఃఖించటం అని అర్థం, దాని ముందున్న ‘కన్’ కలిసి అనే భావాన్ని ఇస్తుంది కనుక, ఎదుటివారితో కలిసి దుఃఖించటమే కండోల్. మన ‘సహానుభూతి’ కూడా ఇలాగే కూడిన మాట. ‘కన్సోల్’లోని ధాతువుకు ఊరడించటం అని అర్థం, ఊరట అనే అర్థమున్న ‘సాలెస్’ అనే మాట పుట్టిందీ దాని నుంచే.

చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్ళినవారు పెద్దకొడుకు చేతులు పట్టుకొని, "ఇలా జరుగుతుందనుకోలేదండీ" అని, కాసేపు మౌనంగా కూర్చొని వస్తారే, అది కండోల్. లోపలి గదిలో రెండు రోజులుగా మెతుకు ముట్టని ఆ తల్లి పక్కన చేరి, వెన్ను నిమిరి, బతిమాలి రెండు ముద్దలు తినిపించే చెల్లెలు చేసేది కన్సోల్. మొదటిదానిలో మన బాధను తెలుపుతాము. రెండవదానిలో ఎదుటివారి బాధను తగ్గించబూనుకుంటాము. ఎంత ఓదార్చినా ఊరట చెందనివారిని ‘ఇన్‌కన్సోలబుల్’ అంటారు గాని, కండోల్ నుంచి అటువంటి మాట పుట్టలేదు, ఎందుకంటే సంతాపం తెలపటానికి ఎదుటివారి దుఃఖం తగ్గవలసిన అవసరమే లేదు.

తెలుగులోనూ ఈ భేదం మనకు తెలిసినదే: పెద్దలు పోయినప్పుడు సంతాప సభ పెడతాము గాని, దానిని ఓదార్పు సభ అనము.

కన్సోల్‌కు మరణంతో పని లేదు. పరీక్ష తప్పిన కొడుకునూ, బొమ్మ విరిగిందని ఏడ్చే పసిపాపనూ కన్సోల్ చేస్తాము. పోటీలలో ఇచ్చే కన్సొలేషన్ బహుమతి కూడా ఆ కోవలోదే. కండోల్ మాత్రం ఈనాడు దాదాపుగా మరణ సందర్భాలకే పరిమితమైంది.

వాక్యనిర్మాణంలోనూ జాగ్రత్త అవసరం. కన్సోల్‌కు మనిషి నేరుగా కర్మ అవుతాడు; కండోల్ తరువాత మాత్రం ‘విత్’ రావాలి. మన దేశపు ఇంగ్లీషు పత్రికలలో "నాయకుడి మృతిని కండోల్ చేశారు" అన్న తీరు వాక్యాలు తరచూ కనిపిస్తాయి, కాని ప్రామాణిక ఇంగ్లీషులో కుటుంబంతో కండోల్ చేయటమే ఉంది, మృతిని కండోల్ చేయటం లేదు.

ఆ పొరపాటుకు మీరు మరో ఈమెయిల్ పంపనక్కరలేదు. మీ మనసు ఆమెకు అర్థమయ్యే ఉంటుంది. ఇక ముందు ఇటువంటి లేఖలలో "హార్ట్‌ఫెల్ట్ కండోలెన్సెస్" అని బహువచనంలో రాయండి. ఆమె పక్కన కూర్చొని నాన్నగారి కబుర్లు చెప్పించుకొని వినే తీరిక మీకు దొరికితే, ఆ పనికి కన్సోల్ అనే మాట నిస్సందేహంగా వాడవచ్చు.