హత్తాజోడీ, నక్క కొమ్ము ఇంట్లో ఉంటే ప్రయోగాలు తగలవా?

మీ అమ్మగారి అనారోగ్యానికి ఎవరో చేయించిన ప్రయోగమే, అంటే చేతబడే, కారణమని ఒక ఉపాసకుడు చెప్పారనీ, హత్తాజోడీనీ నక్క కొమ్మునూ సిందూరంతో వెండి భరిణెలో ఉంచి పూజించమన్నారనీ, కొనవచ్చా అనీ అడిగారు. దయచేసి కొనకండి. ఈ రెండూ మా ఇంటి పూజామందిరంలో చాలాకాలం ఉండేవి. జంతుశాస్త్రం బోధించిన వాడిని కనుక వాటిని స్వయంగా పరిశీలించాను.

మా మామగారు ఉత్తరాది యాత్రలో వాటిని తెచ్చుకున్నారు. హత్తాజోడీ అరుదైన మొక్క వేరని, వశీకరణానికీ శత్రుబాధ నివారణకూ పనిచేస్తుందని ఆయనకు చెప్పి అమ్మారు. జోడించిన రెండు చేతుల్లా కనిపించే ఆ వస్తువులో వేరుకు ఉండవలసిన బెరడు గానీ పీచు గానీ లేవు. ఉన్నది ఎండిన కండ. అది మగ ఉడుము జననాంగం. దాని చివరనుండే గట్టి భాగాలే ఎండిన తరువాత వేళ్లలా కనిపిస్తాయి. మొక్క వేరు పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నవి ఉడుము అవయవాలేనని 2017లో బ్రిటన్, భారత పరిశోధకులు బయటపెట్టారు. ఉడుము ప్రాణంతో ఉండగానే నిప్పుతో కాల్చి ఆ అవయవాన్ని బయటికి రప్పించి కోస్తారని తెలిసిన తరువాత, దానిని దేవుని ముందు ఉంచడానికి నాకు మనసొప్పలేదు.

ఇక నక్కకు కొమ్ము మొలవదు. గుంపుకు నాయకుడైన నక్క తలపై అది పుడుతుందంటారు గానీ, నక్కలు ఎక్కువగా జంటలుగా బతుకుతాయి. మా ఇంట్లో ఉన్నది చిన్న ఎముక ముక్క చుట్టూ వెంట్రుకలున్న తోలు బిగించి చేసినది. సిందూరంలో దాని వెంట్రుకలు పెరుగుతాయని నమ్మేవారు. తోలు ఎండి ముడుచుకుంటే వెంట్రుకలు పొడవుగా కనిపించడం సహజమే.

చట్టం సంగతి మరింత ముఖ్యం. ఉడుము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న ప్రాణుల జాబితాలో, ఉంది. ఆ షెడ్యూలులోని జంతువుల విషయంలో నేరం రుజువైతే 3 నుండి 7 సంవత్సరాల జైలు, 2022 సవరణ ప్రకారం కనీసం 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. పైగా 57వ సెక్షన్ ప్రకారం, అటువంటి వస్తువు మన దగ్గర దొరికితే అది అక్రమం కాదని నిరూపించుకోవలసిన భారం మనదే. 2023 అక్టోబరులో కన్నడ టెలివిజన్ రియాలిటీ షోలో ఉన్న ఒక వ్యక్తిని పులిగోరు పతకం ధరించినందుకు అరెస్టు చేశారు. చిన్న ముక్క దొరికినా అది ఏ జంతువుదో డీఎన్ఏ ద్వారా తేల్చే పరిశోధనశాల, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్, మన హైదరాబాదులోనే ఉంది.

మామగారి తరువాత వాటిని తీసివేద్దామంటే, కదిలిస్తే కీడు జరుగుతుందని మా అత్తగారు చాలా భయపడ్డారు. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోలేదు. పురోహితుల చేత ఉద్వాసన చెప్పించి, న్యాయవాదిని సంప్రదించి, లిఖితపూర్వకంగా అటవీశాఖకు అప్పగించాము. ఉద్వాసన జరగడం చూసిన తరువాతే ఆమె కుదుటపడ్డారు.

మీరు ముందుగా అమ్మగారిని మంచి వైద్యునికి చూపించండి. ఆమె మనసుకు ధైర్యం కావాలంటే ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీయండి, గుమ్మానికి గుమ్మడికాయ కట్టండి. మన పెద్దలు చేసిన ఈ రక్షలలో ఏ ప్రాణినీ చంపవలసిన పని లేదు. ఆ ఉపాసకుడు ఇప్పటికే వస్తువులను పంపి ఉంటే, వాటిని తిరిగి అమ్మడం గానీ మరొకరికి ఇవ్వడం గానీ చేయకుండా న్యాయవాదితో మాట్లాడి అటవీశాఖకు తెలియజేయండి.