కుట్ల పక్కన మళ్లీ గట్టిదనమా? కట్టు విప్పి ముందు పరీక్షకు వెళ్లండి

ప్రశ్న: నా వయసు 41. ఏడాదిన్నర క్రితం ఎడమ రొమ్ములో నిమ్మకాయంత గడ్డ తీశారు. రిపోర్టులో 'బార్డర్‌లైన్ ఫిల్లోడ్స్ ట్యూమర్, పది ఫీల్డులకు 7 మైటోసిస్‌లు, ఒకవైపు మార్జిన్‌లో కణాలు ఉన్నాయి' అని రాశారు. ఇది క్యాన్సరేనా? వంకాయ, గోంగూర మానేయాలా? మూడు నెలలుగా కుట్ల మచ్చ పక్కన గట్టిగా తగులుతోంది. ఆకుపసరు కట్టు వేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: వంకాయ తినండి, గోంగూరా తినండి. ఈ గడ్డకు వాటితో సంబంధం లేదు. నాకు భయం వేసింది మీరు చివర్లో రాసిన రెండు మాటలు చూసి. మూడు నెలలుగా పసరు కట్టుకుంటూ కూర్చున్నారా, అమ్మా?

రొమ్ము గడ్డల్లో ఫిల్లోడ్స్ నూటికి ఒకటి కూడా ఉండదు. పైకి ఫైబ్రోఅడినోమాలాగే, అంటే క్యాన్సర్ కాని మామూలు రొమ్ము గడ్డలాగే, ఉంటుంది కాబట్టి చాలాసార్లు దాన్ని బఠానీ గింజలా ఒలిచి తీసేస్తారు. అసలు సంగతి రిపోర్టు వచ్చాక తెలుస్తుంది. పాథాలజిస్టు ముఖ్యంగా చూసేది పాల గ్రంథుల చుట్టూ ఉండే స్ట్రోమా కణజాలాన్ని. అందులో కణాలు ఎంత కిక్కిరిసి ఉన్నాయి, వాటి కేంద్రకాలు ఎంత వికారంగా మారాయి, గ్రంథులు కనిపించనంతగా స్ట్రోమా పెరిగిందా, గడ్డ అంచు పక్క కణజాలంలోకి చొచ్చుకుపోయిందా అన్నవి గమనిస్తారు. విభజన చెందుతున్న కణాలను, అంటే మైటోసిస్‌లను, లెక్కిస్తారు. పది ఫీల్డులకు (మైక్రోస్కోపులో ఒకసారికి కనిపించే మేర ఒక ఫీల్డు) 5 లోపు ఉంటే సాధారణ రకం వైపు, 5 నుంచి 9 ఉంటే బార్డర్‌లైన్ వైపు, 10 లేదా అంతకు మించితే ప్రాణాంతక రకం వైపు మొగ్గు. అయితే ఈ అంకె ఒక్కటే తీర్పు కాదు, మిగతా లక్షణాలతో కలిపే నిర్ణయిస్తారు.

గడ్డ మళ్లీ వచ్చే అవకాశాన్ని అంచనా వేయడానికి సింగపూర్ పరిశోధకులు 2012లో నాలుగింటిని కలిపారు: కేంద్రకాల వికారం, మైటోసిస్‌లు, స్ట్రోమా అతిపెరుగుదల, కోత అంచు. మీ విషయంలో నన్ను ఆపేది ఆ నాలుగోదే. మార్జిన్‌లో, అంటే కోసి తీసిన ముక్క అంచులో, గడ్డ కణాలు ఉన్నాయంటే కొంత గడ్డ లోపలే మిగిలి ఉండవచ్చు. అప్పుడే మరికాస్త వెడల్పుగా కోసి తీయాలా అన్న చర్చ జరగాల్సింది. రిపోర్టు తీసుకుని మళ్లీ సర్జన్‌కు చూపించారో లేదో మీరు రాయలేదు. బీరువాలో పెట్టేసేవాళ్లనే నేను ఎక్కువగా చూస్తాను.

క్యాన్సరా అంటే, బార్డర్‌లైన్ రకం మధ్యస్థం. ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు. కానీ అదే చోట మళ్లీ రావచ్చు, ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే. కొందరిలో మరింత తీవ్రమైన రకంగా తిరిగి వస్తుంది. మీకు తగులుతున్నది ఉత్త మచ్చ కణజాలమే కావచ్చు. చేత్తో తడమకుండా, స్లైడ్లు చూడకుండా ఏదీ ఖాయంగా చెప్పలేను.

ఈ వారంలోనే సర్జన్‌ను కలవండి. కడప రిమ్స్ అయినా, కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల అయినా సరే. అల్ట్రాసౌండ్, మామోగ్రామ్, అవసరమైతే కోర్ బయాప్సీ (లావు సూదితో చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) చేస్తారు. సన్న సూదితో చేసే ఎఫ్‌ఎన్‌ఏసీ ఒక్కటే ఈ గడ్డల విషయంలో తరచూ చాలదు. పసరు కట్టు ఇవాళే ఆపండి. చర్మం పొక్కి పుండు పడితే పరీక్షా కష్టమవుతుంది, ఆపరేషనూ వాయిదా పడుతుంది.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టుతో పాటు ల్యాబులో దాచిన స్లైడ్లు, గడ్డ ముక్కలు భద్రపరిచిన మైనపు బ్లాకులు కూడా అడిగి తీసుకెళ్లండి. ఈలోగా గడ్డ వేగంగా పెరిగినా, పైచర్మం ఎర్రబడినా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకండి.