తరువాయి భాగం ఎప్పుడని అమ్మ రోజూ అడుగుతోంది

ప్రశ్న: నాకు 44 ఏళ్ళు. భర్త, పదిహేనేళ్ళ కూతురితో న్యూజెర్సీలో ఉంటున్నాను. నేను ఇక్కడి పౌరురాలిని. నాన్నగారు పోయాక తెనాలిలో ఒంటరిగా ఉన్న అమ్మను జనవరిలో ఇక్కడికి తీసుకొచ్చాను. జూలై రెండో వారం వరకు ఆమె ఉండవచ్చు. రాత్రి భోజనాలయ్యాక అమ్మ, నేను, పాప కలిసి ‘వన్ డే ఎట్ ఎ టైమ్’ అనే హాస్య సీరియల్ చూడటం అలవాటైంది. పాప అర్థం చెబుతుంటే అమ్మ నవ్వేది. నాన్నగారు పోయిన తరువాత ఆమె నవ్వగా నేను చూసింది అప్పుడే. మూడు వారాల క్రితం ఉన్న ఎపిసోడ్లన్నీ అయిపోయాయి. అది ఎన్నడో రద్దయిందని తెలిసి కూడా ‘ఇంకా తీస్తున్నారటమ్మా, వస్తుంది’ అనేశాను. ఇప్పుడు రోజూ అడుగుతోంది. ‘మన అమృతం ఇన్నేళ్ళకు మళ్ళీ వచ్చిందిగా, ఇదెందుకు రాదు?’ అంటోంది. అబద్ధం చెప్పానని పాప నాతో సరిగా మాట్లాడటం లేదు. ఒక సీరియల్ కోసం ఇంత రాద్ధాంతమా అంటారు మావారు. మొన్న అమ్మ ‘నేను వెళ్ళేలోపల వస్తుందా?’ అని అడిగితే నా నోట మాట రాలేదు. అది మళ్ళీ వచ్చే అవకాశం ఏమైనా ఉందా? లేకపోతే అమ్మకు ఎలా చెప్పాలి?

జవాబు: మీరు సూటిగా అడిగిన దానికి ముందు సూటిగా జవాబిస్తాను. ఆ సీరియల్ తిరిగి వస్తుందని ఎదురుచూడడం మంచిది కాదు. ఒకసారి రద్దై, మరో చోట ప్రాణం పోసుకుని, అక్కడ కూడా రద్దైన సీరియల్ అది. ఈ కథను మీరు అమ్మగారికి వివరంగా చెప్పవలసి ఉంటుంది కనుక కొంచెం విస్తరించి రాస్తున్నాను.

1975 నుంచి 1984 దాకా సీబీఎస్ చానల్‌లో ఇదే పేరుతో ఒక సీరియల్ వచ్చింది. విడాకులు తీసుకున్న ఒక తల్లి, ఆమె ఇద్దరు కూతుళ్ళు, ఇండియానాపొలిస్ నగరంలో ఒక అద్దె ఇల్లు, అదీ కథ. దానికి సారథి అయిన నార్మన్ లియర్ తొంభై ఏళ్ళు దాటిన వయసులో మళ్ళీ పూనుకోగా, గ్లోరియా కాల్డెరోన్ కెల్లెట్, మైక్ రాయిస్ అనే ఇద్దరు దానిని లాస్ ఏంజెలెస్‌లోని ఒక క్యూబన్ కుటుంబం కథగా తిరగరాశారు. 2017 జనవరి 6న నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైంది. సీజన్‌కు 13 ఎపిసోడ్ల చొప్పున మూడు సీజన్లు నడిచాక, చూసేవారి సంఖ్య చాలడం లేదన్న కారణం చూపి 2019 మార్చి 14న నెట్‌ఫ్లిక్స్ దానిని ఆపివేసింది. అభిమానులు పెద్దయెత్తున ఉద్యమించారు. మూడున్నర నెలలకు పాప్ అనే కేబుల్ చానల్ దానిని తీసుకున్నది. నాలుగో సీజన్ 2020 మార్చి 24న ప్రారంభమైంది గానీ, అదే నెలలో కరోనా వల్ల చిత్రీకరణలు నిలిచిపోవడంతో ఆరు ఎపిసోడ్లే పూర్తయ్యాయి. నటీనటులు ఒకచోట చేరలేని ఆ రోజుల్లో ఏడవదాన్ని యానిమేషన్ బొమ్మల రూపంలో తయారుచేసి జూన్‌లో ప్రసారం చేశారు. మీ ఇంట్లో మీరు చివరిగా చూసింది అదే అయి ఉంటుంది. ఆ చానల్ సొంతంగా ఇటువంటి సీరియళ్ళు తీయడం నుంచే తప్పుకోవడంతో 2020 నవంబరు 24న రెండోసారి రద్దు ప్రకటన వెలువడింది. నార్మన్ లియర్ 2023 డిసెంబరులో, 101 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆ ఇంటి కథ, ముగింపు అనేది లేకుండా, మధ్యలోనే తెగిపోయింది.

మీ అమ్మగారికి ఈ విషయం ఎందుకు మింగుడుపడదో నాకు అర్థమవుతున్నది. పాత కుటుంబ సీరియళ్ళకు మళ్ళీ ప్రాణం పోసినప్పుడు ఒక్కోదాని గతి ఒక్కో విధంగా ఉంటుంది. 1987లో మొదలై 1995లో ముగిసిన ‘ఫుల్ హౌస్’ను 2016లో ‘ఫుల్లర్ హౌస్’గా తెచ్చారు, ఐదో సీజనే ఆఖరిదని ముందుగానే చెప్పి 2020లో ముగించారు కనుక చూసేవారికి వీడ్కోలు చెప్పుకొనే వ్యవధి దొరికింది. ‘రోజాన్’ 2018 మార్చిలో తిరిగివచ్చి, మూడు రోజుల్లోనే పొడిగింపు పొంది, ప్రధాన నటి రాసిన ఒక జాత్యహంకార ట్వీట్ కారణంగా మే 29న కొన్ని గంటల వ్యవధిలో రద్దయింది. అయినా మిగిలిన కుటుంబంతో అదే సంవత్సరం అక్టోబరులో ‘ది కానర్స్’ అనే పేరున మొదలై 2025 దాకా కొనసాగింది. ఇక అమ్మగారు చెప్పిన ‘అమృతం’, జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా నడిచి, 2020 ఉగాదినాడు ‘అమృతం ద్వితీయం’గా తిరిగివచ్చింది. ఆంజనేయులుగా నటించిన గుండు హనుమంతరావు గారు అప్పటికే లేరు కనుక ఆ పాత్రను ఎల్.బి. శ్రీరామ్ గారు ధరించారు. కనుక ఆమె అడిగినది అమాయకపు ప్రశ్న కాదు. పోయిన మనిషి లేకుండానే ఒక ఇల్లు మళ్ళీ నడవడాన్ని ఆమె కళ్ళారా చూశారు.

మీ వారి మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. భర్తను పోగొట్టుకున్న స్త్రీ, భాష రాని దేశంలో, మనవరాలి పక్కన కూర్చుని నవ్విన సాయంత్రాలు అవి. అందులోనూ ఆ సీరియల్‌లో ఆమె చూసినది ఎవరిని? లిడియా అనే అమ్మమ్మను. ఆమె కూడా భర్త పోయిన మనిషే. ఆమె కూడా కూతురి ఇంట్లోనే ఉంటుంది. ఆమెకంటూ గది లేదు. ముందుగదిలో ఒక మూల తెర కట్టుకుని అందులో పడుకుంటుంది, ఆ తెరనే ప్రతిరోజూ రాణిలా తొలగించుకుని బయటికి వస్తుంది. ఆ పాత్ర వేసిన రీటా మోరెనోకు సీరియల్ మొదలైనప్పుడు 85 ఏళ్ళు. ఆ ఇంట్లో లిడియా చుట్టపుచూపుగా ఉండదు, ఆమె లేకపోతే ఆ ఇంట్లో పొద్దు గడవదు. చిన్నతనంలో క్యూబాను విడిచివచ్చిన ఆమె అమెరికా పౌరసత్వం పుచ్చుకోవడానికి ఎంత వెనుకాడిందో, అలా చేస్తే పుట్టిన నేలనూ పోయిన భర్తనూ వదులుకున్నట్లవుతుందని ఎలా మథనపడిందో చూపిన ఎపిసోడ్ మీకు గుర్తుండే ఉంటుంది. అది చూస్తున్నప్పుడు మీ అమ్మగారు ఏమన్నారో, లేక ఏమీ అనకుండా ఊరుకున్నారో ఒకసారి తలచుకోండి.

మీ ఉత్తరంలో నన్ను నిలిపివేసిన వాక్యం ‘నేను వెళ్ళేలోపల వస్తుందా?’ అన్నది. ఆమె ఎప్పుడు వెళతారు, మళ్ళీ వస్తారా, అసలు వెళ్ళవలసి ఉన్నదా అనే విషయాలలో మీరు, మీ వారు ఏమి అనుకుంటున్నారో ఉత్తరం మొత్తంలో ఎక్కడా లేదు. మీరు మరిచిపోయి రాయలేదని నేను అనుకోవడం లేదు. ఇంకా మాట్లాడుకోలేదు కనుకనే రాయలేదు. నా దగ్గరకు వచ్చే పెద్దవాళ్ళు తమ గురించిన ప్రశ్నను తమ పేరు మీద అడగడం చాలా అరుదు. బియ్యం ఎంత తెప్పించాలనో, పెరట్లో మొక్క ఎవరు చూస్తారనో అడుగుతారు. కూతురి ఇంట్లో ‘నన్ను ఉంచుకుంటారా?’ అని అడగడం మన తరం తల్లులకు ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. పొడిగింపు వస్తుందా రద్దవుతుందా అని ఆమె రోజూ అడుగుతున్నది ఆ సీరియల్ గురించే కావచ్చు, కాకపోవచ్చు. ఏదైనా సరే, ‘వస్తుందిలే’ అనే జవాబు ఆ రెండింటిలో దేనికీ సరిపోదు.

అందుచేత మొదట అబద్ధాన్ని సరిదిద్దండి. ఆ పని పాప చేత చేయించకండి. చెప్పినది మీరు కనుక మీరే చెప్పాలి, కానీ పాప ఎదుటనే చెప్పండి. ‘అమ్మా, ఆ సీరియల్ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. నాకు ముందే తెలుసు. నువ్వు నవ్వుతుంటే ఆ మాట చెప్పడానికి మనసొప్పలేదు’ అంటే చాలు, దానికి మరో సమర్థన అవసరం లేదు. తరువాత పైన నేను రాసిన కథంతా చెప్పండి. తాను ఇష్టపడినదాని కోసం వేలమంది పోరాడారని, ఒకసారి గెలిచారని కూడా ఆమెకు తెలియాలి. ఆమె నొచ్చుకుంటారు. ఒక పూట మౌనంగా ఉంటారేమో. భర్త మరణాన్ని తట్టుకున్న మనిషి దీనిని తట్టుకోలేరని మీరు భయపడడంలో ప్రేమ ఉన్నది గానీ, ఆమెను చిన్నపిల్లగా జమకట్టడం కూడా ఉన్నది. పదిహేనేళ్ళ పాపకు కోపం వచ్చినది ఆ రెండోదాని మీదనే అని నా అభిప్రాయం. ఆ పిల్ల తన అమ్మమ్మ పక్షాన నిలబడినందుకు నేను సంతోషిస్తున్నాను.

రెండో సంభాషణకు ముందు మీరు, మీ వారు విడిగా కూర్చోవాలి. ఆమెను మరికొన్ని నెలలు ఉంచుకోవాలా, శాశ్వతంగానా, లేక తెనాలిలోనే తోడు ఏర్పాటు చేసి ఏటా రప్పించుకోవాలా అనే దానిలో మీ ఇద్దరికీ ఒక మాట కుదిరాక, ఆ మాటను నిర్ణయంగా గాక ప్రశ్నగా ఆమె ముందు పెట్టండి. మీరు పౌరులు కనుక తల్లి కోసం గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసే హక్కు మీకు ఉన్నది, తోబుట్టువుల విషయంలో ఉన్నట్లు తల్లిదండ్రులకు ఏటా ఇన్నే అన్న పరిమితి లేదు. అయితే ఆ కార్డు తీసుకుంటే ఇక్కడే స్థిరంగా నివసించాలి, ఆరోగ్య బీమా సంగతి చూసుకోవాలి, తెనాలి ఇంటిని ఏమి చేయాలో తేల్చుకోవాలి. లిడియాకు ఉన్న మథనం మీ అమ్మగారికీ ఉండవచ్చు. ‘నాన్న ఉన్న ఇల్లు వదిలి ఉండలేను’ అని ఆమె అంటే, ఆ మాటను మీ మీద అలకగా తీసుకోకండి.

సాయంత్రాలను మాత్రం ఖాళీగా వదలకండి. పాత ‘అమృతం’ ఎపిసోడ్లు ఇప్పుడు యూట్యూబ్‌లో చూడవచ్చు. అందులో ఇంటి యజమాని అప్పాజీ మాటలోని విరుపు, హోటల్లో పనిచేసే సర్వం అనే పాత్ర వెటకారం మీ పాపకు ఒక పట్టాన అర్థం కావు కనుక ఈసారి అర్థం చెప్పే పని అమ్మమ్మది అవుతుంది. మీ వారిని కూడా కూర్చోబెట్టండి. ఆ సీరియల్ వచ్చిన ఆదివారపు రాత్రులు ఆయనకూ గుర్తుండవచ్చు.

ఒక్క ఆచరణాత్మకమైన మాట. సందర్శక వీసా మీద ఉన్నవారు ఇంకొన్నాళ్ళు ఉండదలిస్తే, ఐ-94 అనే ప్రవేశ పత్రంలో ఉన్న గడువు తేదీ దాటకముందే పొడిగింపు దరఖాస్తు చేరాలి. కనుక జూలై దాకా ఆగకుండా ఈ వారంలోనే ఒక ఇమిగ్రేషన్ న్యాయవాదిని కలవండి. వెళ్ళేటప్పుడు అమ్మగారిని వెంట తీసుకువెళ్ళండి, ఆమెకు వచ్చే ప్రశ్నలను ఆమెనే అడగనివ్వండి.